అందరికీ ఒక్కటే సిలబస్ అయితే ఫొటోగ్రఫీ ప్రైవేట్ క్లాసు ఎందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం సార్,

పరీక్షలు అయిపోంగనే హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాక స్తంభాలకు ఫొటోగ్రఫీ క్లాసుల ఫ్లెక్సీలు కడుతరు, మీ జిల్లా పేజీల కూడ చిన్న చిన్న యాడ్స్ పడుతయ్, నెల రోజులల్ల బేసిక్ నుంచి అడ్వాన్స్‌డ్ దాక, సర్టిఫికెట్ గ్యారంటీ అని. వీటి మీద రాయాల్నని చాలా రోజుల సంది అనుకుంటున్న. నేను చాలా ఏండ్లు స్టూడియో నడిపి ఇప్పుడు అడిగినోళ్లకు ఇంటి దగ్గర నేర్పేటోన్ని, అంటే ఇదే పనిల ఉన్నోన్ని, గిరాకీ కోసం రాస్తున్నడు అనుకుంటరేమో, అందుకే పేరు, ఫోన్ నెంబర్ వేయొద్దని ముందే చెప్తున్న.

నా ఫిర్యాదు ఏందంటే, ఇవి ప్రైవేట్ క్లాసులు అంటున్నరు గానీ ఎవరొచ్చినా చేతిల పెట్టేది అదే జిరాక్స్ కాయితం. కెమెరా చరిత్ర, కెమెరా భాగాలు, ఎపర్చర్ (లెన్స్‌ల వెలుతురు వచ్చే రంధ్రం), షటర్ (వెలుతురు ఎంత సేపు పడాలో చూసేది), ఐఎస్ఓ (ఫొటోల వెలుతురు పెంచే నెంబర్), కాంపోజిషన్ (ఫ్రేమ్ల ఏది ఎక్కడ ఉండాలె), లైటింగ్, చివరికి ఫొటోషాప్, అయిపోయె. పెళ్లిళ్ల సీజన్ల పనికి పోవాల్నని వచ్చిన పిల్లగానికీ అదే, వాట్సాప్ల చీరలు అమ్ముకునే ఆడబిడ్డకూ అదే, రిటైరై పాకాల చెరువు కాడ పక్షులు తీద్దామనుకునే సార్‌కూ అదే. పైసలు మాత్రం ప్రైవేట్ రేటు. మరి అందరికీ ఒక్కటే పాఠమైతే యూట్యూబ్ ఉంది కదా, తెలుగుల కూడ మస్తు వీడియోలున్నయ్, పైసా ఖర్చు లేకుండ చూసుకుంటరు, మనిషి దగ్గరికి ఎందుకు రావాలె?

మనిషి దగ్గరికి వచ్చేది తను తీసిన ఫొటో చూసి ఎక్కడ తప్పుతున్నదో చెప్పేటోడు కావాలని. కాబట్టి సిలబస్ ముందు ప్రింట్ చేసి పెట్టుకునుడు కాదు, నేర్చుకునేటోళ్ల ఫొటోలు చూసినంక రాయాలె. నేనైతే మొదటి రోజు కెమెరానే ముట్టనియ్య. మీరు ఇష్టపడి తీసినవి, మీకే నచ్చనివి రెండూ కలిపి తెండ్రి అంట. వాట్సాప్ల పంపకుండ్రి అని గట్టిగ చెప్త, ఎందుకంటే వాట్సాప్ ఫొటోను నొక్కి చిన్నగ చేస్తది, దాంతోపాటు ఫైల్ల ఉండే వివరాలు కూడ పోతయ్. ఒరిజినల్ ఫైల్ తెస్తే ప్రాపర్టీస్ల షటర్ ఎంత, ఐఎస్ఓ ఎంత, లెన్స్ ఎంతకు జూమ్ చేసిండు అన్నీ రాసి ఉంటయ్, డాక్టర్ రిపోర్ట్ చూసినట్టు ఐదు నిమిషాలల్ల తెలిసిపోతది. ఇంట్ల తీసిన ప్రతి ఫొటో షటర్ 1/15 దగ్గర, అంటే సెకనుల పదిహేనో వంతు దగ్గర ఉందనుకోండ్రి, ఆ మనిషికి కాంపోజిషన్ పాఠం కన్నా ముందు ఫొటో ఎందుకు కదులుతున్నదో చెప్పాలె. ఇంకొకళ్లవి షార్ప్ గనే ఉంటయ్ గానీ అన్నీ నిలబడి ఛాతీ ఎత్తుల తీసినవే ఉంటయ్, చిన్న పిల్లలను కూడ పైనుంచి కిందికి చూసుకుంట తీస్తరు, అసొంటోళ్లకు ఎపర్చర్ పాఠం వారం ఆగినా ఏం కాదు, ముందు మోకాళ్ల మీద కూసోబెట్టాలె.

ఇగ ఏం నేర్పాలె అన్న దానికి మన ఊర్ల సంగతులే చెప్త.

పెళ్లి పని నేర్చుకునే పిల్లగానికి ఎపర్చర్, షటర్, ఐఎస్ఓ మూడింటిని కలిపి చూపించే ఎక్స్‌పోజర్ ట్రయాంగిల్ అని పుస్తకంల ఉన్న బొమ్మ గీసి చూపిస్తే తలకాయ ఊపుతడు, ఫంక్షన్ హాల్ల పోయి నిలబడితే ఏదీ యాదికి రాదు. అక్కడ సమస్యలు వేరే. స్టేజీ వెనుక ఎల్ఈడీ వాల్ పెడుతున్నరు ఇప్పుడు, ఫొటోల అడ్డంగ నల్ల గీతలొస్తయ్. మన కరెంటు 50 హెర్ట్జ్, మామూలు ట్యూబ్ లైట్ల లాంటివి సెకనుకు 100 సార్లు వెలుగు ఎక్కువ తక్కువ అవుతయ్, కంటికి తెల్వదు గానీ షటర్‌కు తెలుస్తది, 1/100 గానీ 1/50 గానీ పెట్టుకుంటే చాలా వరకు ఆ గీతలు పోతయ్. ఎల్ఈడీ వాల్ లెక్క వేరే, ఒక్కోదానికి ఒక్కో రిఫ్రెష్, అంటే వెలుగు మారే స్పీడ్ ఉంటది, పెళ్లికూతురు వచ్చే ముందే పోయి షటర్ కొంచెం కొంచెం మార్చుకుంట టెస్ట్ షాట్లు కొట్టి ఏ నెంబర్ల గీతలు పోతున్నయో చూసి పెట్టుకోవాలె. ఇది ఏ సిలబస్ కాయితంల ఉంది చెప్పండ్రి? అట్లనే ఫ్లాష్ పైకి కొట్టి బౌన్స్ చేయమని నేర్పుతరు, మంచిదే, కానీ పల్లెల టెంటు ఎర్రబట్టదైతే ఆ వెలుతురు ఎర్రగ దిగి పెళ్లికూతురు ముఖం మీద పడుతది, మైలపోలు నాడు పసుపు రాసిన ముఖం మీద ఇంకా ఆగమాగం అయితది. తలంబ్రాల కాడ బియ్యం గాలిల ఆగినట్టు రావాల్నంటే షటర్ 1/500 దాక పోవాలె, అంత పోతే వెలుతురు చాలదు, ఐఎస్ఓ ఎక్కడి దాక పెంచితే తన కెమెరాల ఆల్బమ్ సైజుకు ఫొటో మీద గరుకు చుక్కలు కనబడకుండ ఉంటదో ముందే ఇంటి కాడ తీసి చూసుకోవాలె. జీలకర్ర బెల్లం టైంకు అడ్డుతెర తీసే ముందట ఎక్కడ నిలబడాలె, అయ్యగారి భుజం అడ్డం రాకుండ ఏ పక్కకు జరగాలె, ఎత్తిపట్టిన ఫోన్ల మధ్యల నుంచి ఎట్ల తీయాలె, ఇవే అసలు పాఠాలు. వీటి లోపట్నే ఎపర్చరూ షటరూ అన్నీ వచ్చేస్తయ్, విడిగ బొమ్మ గీయాల్సిన పని లేదు.

రామప్పకు పోతే ఇంకో కథ. 1213ల కట్టిన గుడి, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చినంక వారం వారం ఫోన్లు కెమెరాలు పట్టుకొని జనం పోతున్నరు, నాగిని లాంటి మదనికల (రాతి ఆడబొమ్మల) ఫొటోలు తెస్తరు, సగం మందివి ఒక్కటే తీరు. గుడి గోడ ఇసుకరాయి, కొద్దిగ ఎర్రగ ఉంటది, చూరు కింద మదనికలు నున్నగ నల్లరాయి. కెమెరాకు నలుపని తెల్వదు, ఎదురుగ ఏమున్నా నడిమి రకం బూడిద రంగు అనుకొని వెలుతురు కొలుస్తది. నల్లబొమ్మ మీదికి జూమ్ చేసి ఫ్రేమ్ నింపినవనుకో, చీకటిగ ఉందనుకొని వెలుతురు పెంచి నల్లరాయిని బూడిద చేస్తది, అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే కెమెరా కొలిచిన వెలుతురును మనం పెంచి తగ్గించుకునే సెట్టింగ్, మైనస్ల పెట్టుకోవాలె. అదే బొమ్మను కిందినుంచి వెనుక ఆకాశం వచ్చేటట్టు తీసినవనుకో, ఆకాశం చూసి భయపడి మొత్తం తగ్గిస్తది, బొమ్మ బొగ్గు లెక్క అయితది, అప్పుడు ప్లస్ల పెట్టాలె. ఒక్క చోట, ఒక్క బొమ్మ, రెండడుగులు జరిగితే ఉల్టా లెక్క. క్లాసు రూంల బోర్డు మీద నెల రోజులు చెప్పినా రానిది అక్కడ ఒక్క పొద్దుగాల అర్థమైతది. నా దగ్గరికి వచ్చినోళ్లకు రామప్ప పోయినప్పుడు నేను చెప్పేది ఇంతే, మదనికలు అన్నీ తీయకుండ్రి, ఒక్కదాన్ని పట్టుకోండ్రి అని. ఇంకొకటి, ఇసొంటి గుళ్లల్ల ట్రైపాడ్ పెట్టాల్నంటే పురావస్తు శాఖోళ్ల పర్మిషన్ కావాలె, మన వేయిస్తంభాల గుడి కాడ కూడ అంతే, ఇది తెల్వక బ్యాచ్ బ్యాచ్‌ను ట్రైపాడ్లతోని తీసుకపోయి గేటు కాడ సెక్యూరిటీతోని పంచాయితీ పెట్టుకునే సార్లున్నరు. ఔట్ డోర్ క్లాసు అంటే ముందుగాల నేర్పేటోడు పోయి చూసొచ్చి ఉండాలె గదా.

ఎనుమాముల మార్కెట్ల మిర్చి సీజన్ల తీస్తే మంచి ప్రాక్టీస్ అని అందరూ చెప్తరు, నిజమే, కానీ ఎందుకు మంచిదో ఎవరూ చెప్పరు. మిర్చి కుప్పలు ఎండల తీస్తే కెమెరాల తెల్ల హిస్టోగ్రామ్ (ఫొటోల చీకటి వెలుతురు ఎంతెంత ఉందో చూపించే గ్రాఫ్) అంతా మంచిగనే ఉన్నట్టు చూపిస్తది, ఇంటికొచ్చి చూస్తే కుప్ప మొత్తం ఎర్రటి ముద్ద, ఒక్క కాయ కూడ విడిగ కనబడదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు గ్రాఫులు విడివిడిగ తెరిచి చూడాలె, ఎరుపు గ్రాఫ్ అప్పటికే కుడి గోడకు తగిలి ఉంటది, అంటే ఎరుపు మితిమీరి వివరాలు పోయినట్టు. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి రా ఫైల్ల (కెమెరా ఏం మార్చకుండ దాచే ఫైల్ల) తీస్తే తొడిమలు, ముడతలు అన్నీ దక్కుతయ్. రంగులను కెమెరా తనంతట తానే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ కూడ అక్కడ మోసం చేస్తది, ఇంత ఎరుపు ఎందుకుందని దాన్ని తగ్గించి పారేస్తది. ముక్కుకు దస్తీ కట్టుకొని పోవాలె అనేది కూడ సిలబస్లనే లెక్క, లేకుంటే తుమ్ముకుంట తీసినయన్నీ కదిలిపోతయ్. రైతు ముఖం తీసే ముందు అడగాలె, రేటు పడిపోయి దిగాలుగ కూసున్న మనిషి ముందట లెన్స్ పెట్టి సైలెంటుగ క్లిక్ కొట్టుడు నాకు నచ్చదు, ఇది కూడ క్లాసుల చెప్తనే ఉంట, కొందరు మూతి ముడుచుకుంటరు.

కెమెరా లేకుండ ఫోన్‌తోని వచ్చేటోళ్లను చిన్నచూపు చూసుడు మరీ అన్యాయం. కొత్తవాడ జంపఖానాలు ఆన్‌లైన్ల అమ్ముకునే ఇంటోళ్లకు ఏం కావాలె? రంగు కరెక్టుగ రావాలె, అంతే. ఫొటోల ఒక రంగు, పార్శిల్ విప్పితే ఇంకో రంగు ఉంటే వాపస్ పంపుతరు. వాళ్లకు పొద్దుగాల వాకిట్ల నీడల పరిచి, ట్యూబ్ లైట్ బంద్ చేసి, పక్కన ఒక తెల్ల కాయితం పెట్టి, ఆ కాయితం తెల్లగ కనబడే దాక ఫోన్ల ప్రో మోడ్ల వైట్ బ్యాలెన్స్ సెట్ చేసుకొని, జూమ్ లాగకుండ దగ్గరికి నడిచిపోయి తీయండ్రి అని నేర్పితే రెండు క్లాసులల్ల పని అయిపోతది. చేర్యాల నకాశీ పటాలు (బట్ట మీద గీసే కథల బొమ్మలు) తీసేటోళ్లకు ఇంకో ముచ్చట, పటం గోడకు పెట్టి కెమెరా కొంచెం వంచి తీస్తే పైన సన్నగ కింద వెడల్పుగ వస్తది, కెమెరా పటానికి సమాంతరంగ ఉండాలె, రెండు పక్కల నుంచి ఏటవాలుగ రెండు లైట్లు సమాన దూరంల పెట్టాలె, లేకుంటే నడిమిట్ల మెరుపు కొడుతది. వీళ్లకు పెళ్లి సిలబస్ చెప్పి, ముందు డీఎస్ఎల్ఆర్ కొనండ్రి, ఫలానా షాపుల నా పేరు చెప్పండ్రి అంటే అది నేర్పుడా బేరమా?

అవతలి పక్క మాట కూడ ఉంది, కాదనను. బేసిక్స్ లేకుండ ఎవనికి నచ్చింది వానికి చెప్తే పునాది ఎట్ల పడుతది అంటరు తోటి సార్లు. బేసిక్స్ వద్దని నేను ఎక్కడ అన్న? ఎవరికైనా తప్పని సంగతులు కొన్నున్నయ్, కార్డు కాపీ చేసినంకనే ఫార్మాట్ చేసుడు, ఫొటోలు రెండు చోట్ల దాచుకునుడు, స్పేర్ బ్యాటరీ, ఇవి అందరికీ చెప్పాల్సిందే. వరుస మాత్రం మనిషిని బట్టి మారాలె అంటున్న. పక్షుల సార్‌కు మొదటి రోజే కంటిన్యూయస్ ఫోకస్ (కదిలే పక్షి వెంట ఫోకస్ పోయేది), షటర్ 1/1000 పైన చెప్పాలె, కెమెరాతోని వచ్చిన, దూరం అందని 18-55 లెన్స్‌తోని పాకాల కొంగ చుక్క లెక్క వస్తదని కూడ మొదటి రోజే మొహమాటం లేకుండ చెప్పాలె, లేకుంటే ఆయన నెలంతా తన చెయ్యే బాలేదనుకుంటడు. ఇదే చదువుగ, డిగ్రీగ కావాల్నంటే హైదరాబాద్ల జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది, నాలుగేండ్ల బీఎఫ్ఏ ఫొటోగ్రఫీ, అక్కడ వరుసగ పద్ధతిగ చెప్తరు, దానికి దీనికి పోలిక లేదు.

ఇగ క్లాసు ఎట్ల పెట్టాలె అన్నది. బ్యాచ్ల ఇరవై మందిని కూసోబెట్టి ప్రైవేట్ అనొద్దు. ఒక్కరికి ఒక్కరు అయితే ఎడిటింగ్‌కు మంచిది, తన కంప్యూటర్ల తన ఫొటోలే తెరిచి చేసుకుంటరు, దీనికి ఇంటికి కూడ వచ్చే అవసరం లేదు, వీడియో కాల్ల స్క్రీన్ షేర్ చేస్తే సరిపోతది, నర్సంపేట నుంచో భూపాలపల్లి నుంచో బస్సెక్కి రావాల్సిన పనేంది. బయట తీసుడు మాత్రం ముగ్గురు నలుగురు ఉంటేనే మజా, ఒక్కటే చోట నిలబడి నలుగురు నాలుగు తీర్ల తీసినవి పక్కపక్కన పెట్టి చూస్తే వచ్చే తెలివి నేను చెప్తే రాదు. దినాం క్లాసు పెట్టుడు నాకు నచ్చదు, క్లాసుకు క్లాసుకు నడుమ వారం ఉండాలె, ఆ వారంల వాళ్లు తీసుకొచ్చింది చూసుడే సగం క్లాసు. పొద్దుగాల ఆరు ఏడు గంటలకు భద్రకాళి బండ్ మీద చెప్పాల్సిన వెలుతురు పాఠం మధ్యాహ్నం రెండు గంటలకు ఏసీ రూంల చెప్తే ఏం లాభం. బతుకమ్మ తీయనీకె నేర్చుకుంటమని వస్తరు కొందరు, వాళ్లకు ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి కాడనే క్లాసు పెట్టుకోవాలె, అక్కడ తీసింది ఇంట్ల కూసొని చూసుకొని సద్దులకు పద్మాక్షి గుట్ట కాడికి పోవాలె, నడుమ ఉన్న రోజులల్ల గల్లీల ఆడే కాడ ప్రాక్టీస్. షటర్ 1/15కు దించి తిరిగే చీరలను రంగు గీతలుగ తీసుకుంట నడుమ బతుకమ్మ మాత్రం కదలకుండ ఉండుడు ఎట్లనో ఒక్క సాయంత్రంల రాదు, ఆ తొమ్మిది రోజులు కావాలె. ఫ్లడ్ లైట్ల కింద తంగేడు పసుపు పాలిపోయి కనబడుతది, అది కూడ అక్కడ నిలబడి సరిచేసుకోవాల్సిందే. ఇసొంటి ఫొటోలు ఎట్లుంటయో తెల్వాల్నంటే మన ఓరుగల్లు భరత్ భూషణ్ గారు తీసిన బతుకమ్మలు, ఊర్ల ఆడోళ్ల ముఖాలు చూపిస్త, ఆయన 2022ల పోయిండ్రు, ఇయ్యాల క్లాసులకు వచ్చే పిల్లలల్ల చాలా మందికి ఆ పేరే తెల్వదు, ఇన్‌స్టాల రీల్స్ చేసే అన్నల పేర్లు మాత్రం పది చెప్తరు.

ఆడపిల్లలకు, గృహిణులకు విడిగ బ్యాచ్ పెట్టండ్రి అంటే కొందరు సార్లు నవ్వుతరు, ఫొటోగ్రఫీకి ఆడ మగ ఏంది అని. ఎందుకు ఉండదు, పొద్దు మునిగినంక ఔట్ డోర్ అంటే ఇంట్ల పంపరు, ఆ టైం వాళ్లకు కుదిరేటట్టు మార్చాలె గదా. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1890ల్లోనే హైదరాబాద్ల పరదా ఆడోళ్ల కోసం విడిగ జనానా స్టూడియో పెట్టి దాన్ని ఒక ఆడామె చేతిల పెట్టిండు. అప్పుడే ఆలోచన చేసిండ్రు, మనకు ఇప్పుడు కష్టమైతున్నది.

ట్రైనింగ్ పేరు మీద పెళ్లిళ్లకు తీసుకపోవుడు గురించి కూడ చెప్పాలె. అసిస్టెంటుగ పోవుడు నిజంగ మంచి క్లాసు, నేను అట్లనే నేర్చుకున్న. కానీ మా గల్లీ పిల్లగాడు ఒకడు ఫీజు కట్టి మరీ సీజన్ అంతా లైట్ స్టాండ్ మోసి, బ్యాగులకు కాపలా కూసొని, రాత్రి బారాత్ల జనరేటర్ వైరు పట్టుకొని వచ్చిండు, ఒక్క నాడు కూడ చేతికి కెమెరా ఇయ్యలే, తీసిన ఫొటో ఇది ఎందుకు మంచిగుంది ఇది ఎందుకు లేదు అని కూసోబెట్టి చెప్పలే. పని చేపించుకుంటే కూలి ఇయ్యాలె, నేర్పితే ఫీజు తీసుకోవాలె, రెండూ ఉల్టా చేస్తే ఎట్ల? తల్లిదండ్రులు చేరేటప్పుడే అడగాలె, మా పిల్లగాడు ఎన్ని ఫంక్షన్లల్ల సొంతంగ తీస్తడు, అవి ఎప్పుడు చూసి చెప్తరు అని. ఫీజు కూడ మొత్తం ఒకేసారి కట్టకుండ్రి, క్లాసుకింత అని మాట్లాడుకోండ్రి, మొదటి క్లాసు అయినంక నచ్చకపోతే ఆపేసుకునేటట్టు ఉండాలె. ఇది రాస్తే నా తోటోళ్లకు కోపమొస్తదని ఎరుకే.

సార్, మీకు ఒక చిన్న రిక్వెస్ట్. మీరు ఆదివారం పాఠకుల ఫొటోలు వేస్తుంటరు, కింద పేరు ఊరు వేసి వదిలేస్తరు. దాని బదులు వారానికి ఒక్కటే ఫొటో వేయండ్రి, పక్కన ఎవరన్నా అనుభవం ఉన్న ఫొటోగ్రాఫర్‌తోని ఏం కుదిరింది, ఏం కుదరలేదు, ఇంకోసారి ఎట్ల తీయొచ్చో నాలుగు లైన్లు రాపియ్యండ్రి, షటర్, ఐఎస్ఓ నెంబర్లు కూడ వేయండ్రి. ఫొటో పంపినాయన నొచ్చుకోకుండ ముందే అడిగి వేస్తే సరి. ఫోన్‌తోని తీసినవి కూడ తీసుకోండ్రి. రాసేటోళ్లు దొరకకపోతే నా అడ్రస్ ఈ కవర్ వెనుక ఉంది, పైసలేం వద్దు, పేరు వేయకుండ రాసిస్త.

ఇట్లు,
మీ పాఠకుడు,
హన్మకొండ